మంచునేలయు, ఎడారి కూడలియు

గ్రంథాలయపు గోడకు వ్రేలాడు ప్రపంచపటమున, ఉత్తరపు టంచున, తెల్లని రంగుతో పెద్ద ద్వీపమొకటి కానవచ్చును. అది గ్రీన్‌లాండు. గుండ్రని భూమిని చదునైన కాగితముపై పరచుటలో కలుగు చిక్కుచేత కొన్ని పటములలో అది భారతదేశముకంటె ఎన్నో రెట్లు పెద్దదిగా తోచును. నిజమునకు దాని వైశాల్యము 21,66,000 చదరపు కిలోమీటర్లు. మన దేశములో మూడింట రెండు వంతులు మాత్రమే. అందును నూటికి 80 వంతులు మంచుగడ్డ క్రిందనే యున్నది. మిగిలిన తీరపు నేలపై కాపురముండువారు సుమారు 57,000 మంది. మన ప్రాంతపు చిన్న పట్టణమొకటి నిండుటకు ఆ జనము సరిపోవుదురు. అదే పటమున సిరియా యెడారి నడుమ పాల్మైరా యను పేరు చిన్న యక్షరములతో నుండును. కొన్ని పటములలో నదియు నుండదు. అచ్చటివారు దానిని తద్మోర్ అందురు. పదునెనిమిది వందల యేండ్ల క్రిందట తూర్పుదేశముల సరకు పడమటికి పోవు త్రోవలలో ముఖ్యమైన దొకటి ఆ యూరి మీదుగనే పోయెడిది.

కూడలి యన్న సిరి, మంచునేల యన్న లేమి యని లోకులు తలంతురు. ఈ రెండు తావుల చరిత్రను, జమ యొకవైపు ఖర్చొకవైపు వేసి చూచినచో ఆ తలంపు నిలుచుట కష్టము. దారిని పోవువారి లెక్క వేరు. దారిప్రక్కన బ్రదుకువారి లెక్క వేరు. చరిత్రగ్రంథములు తరచుగా మొదటి లెక్కనే విస్తరించి వ్రాయును. రెండవ దానిని వెదకి తీయవలసియుండును.

పాల్మైరాకు ప్రాణము ఎఫ్కా యను నొక యూట. దాని నీరు గంధకపు వాసనతో, గోరువెచ్చగా కొండదరి నుండి వెలువడెడిది. ఊట చుట్టు ఖర్జూరపు తోటలు, తోటల చుట్టు ఊరు పెరిగినవి. పడమట దమస్కు నగరము, తూర్పున యూఫ్రటీసు నది, నడుమ నంతయు ఎడారి. దానిని దాటదలచినవాడు నీటికై యిచ్చట ఆగవలసినదే. క్రీస్తుపూర్వము రెండవ సహస్రాబ్దమునాటి మట్టిపలకల మీదనే ఈ యూరి ప్రస్తావన కలదు. అయినను అది మహానగర మగుట రోమక సామ్రాజ్య కాలమున జరిగినది. హిందూసముద్రమున ఋతుపవనముల ననుసరించి వచ్చు ఓడలు పారసీక సింధుశాఖ కొసను చేరును. అచ్చట దిగిన సరకు కొంతదూరము నది వెంబడి పోయి, పిమ్మట ఒంటెల మీది కెక్కి పాల్మైరా చేరి, అటనుండి మధ్యధరా తీరమునకు పోవును. పడమట రోమకులు, తూర్పున పార్థియనులు; ఉభయులకును పొసగదు, ఉభయులకును సరకు కావలెను. ఆ సందున పాల్మైరా వర్తకులు బాగుపడిరి.

వారు ఊరక కూర్చుండి సుంకము తిన్నవారు కారు. 157వ సంవత్సరపు శాసన మొకటి స్కిథియా నుండి, అనగా సింధునదీ ప్రాంతము నుండి, ఓడలో మరలి వచ్చిన పాల్మైరా వర్తకులను పేర్కొనుచున్నది. ఆ యూరి గోపురసమాధులలో చీనా పట్టుగుడ్డల తునుకలు దొరకినవి. బిడారులను దొంగల బారినుండి కాపాడిన సోవాదోస్ అను పెద్దమనిషికి వర్తకులు విగ్రహములు నిలిపిరి. రాజవీథి కిరువైపుల నిలిచిన స్తంభములకు నడిమియెత్తున ఒక్కొక్క రాతిపీట ముందుకు పొడుచుకొని వచ్చియుండును. దాని మీద నొక విగ్రహ ముండెడిది. అట్లు నిలిచినవారు బిడారు నాయకులు, ధనికులు, అధికారులు. ఎండలో ఒంటెను తోలినవానికి ఆ వీథిలో తావు లేదు.

ఆ యూరి వ్రాతలలో మిక్కిలి విలువగలది రాజప్రశస్తి కాదు, సుంకముల పట్టిక. క్రీ.శ. 137 ఏప్రిల్ 18వ తేది గల యీ శాసనము ఇంచుమించు అయిదు మీటర్ల పొడవుగల రాతిపై గ్రీకు భాషలోను, స్థానికమైన అరమాయిక భాషలోను చెక్కబడినది. దాని పీఠిక చదివినచో ఏ దేశపు లెక్కలవానికైనను తన పని జ్ఞప్తికి రాక మానదు. పూర్వపు నిబంధనలో పెక్కు వస్తువులు చేరలేదట. వానిపై వాడుకను బట్టి సుంకము గొనుచుండగా, గుత్తదారులకును వర్తకులకును మాటిమాటికి తగవులు వచ్చుచుండెనట. కావున నగరసభ కూడి, వాడుకలో నున్నదానినంతయు వ్రాయించి, గుత్తదారునకు ఖాయపరచి, పాత నిబంధనతో కూడ దేవాలయమున కెదురుగ రాతిపై చెక్కింపుమని యుత్తర్వు చేసినది. వ్రాత లేనిచోట బలవంతునిదే లెక్క యగునని వారు పద్దెనిమిది వందల యేండ్ల క్రిందటనే గ్రహించిరి.

ఇక పట్టిక. ఎండుసరకు ఒంటె బరువొకటికి 3 దేనారములు. పరిమళతైలము మేకతోలు తిత్తులలో వచ్చినయెడల ఒంటె బరువునకు 13; చలువరాతి బుడ్లలో వచ్చినయెడల 25. సరకు లేని యొంటె లోపలికి వచ్చినను 1 దేనారము. ఉప్పునకు కుంచము లెక్క. ఊరి నీటియూటలను వాడుకొన్నందులకు ఏటికి 800 దేనారములు. చుట్టుపట్ల పల్లెల నుండి వచ్చు తిండిపదార్థములకు, పల్లెలకు పోవువానికి సుంకము లేదు. ఇది మెచ్చదగిన యేర్పాటు. వేశ్యలకు వారి వారి వెలను బట్టి పన్ను. బానిసను ఊరిలోనికి తెచ్చినవాడు తలకు 22 దేనారములు చెల్లింపవలెను. చలువరాతి బుడ్లలోని తైలమునకు 25, మనుష్యునకు 22! పట్టిక వ్రాసిన గుమాస్తాకు ఈ రెండంకెలు ఒకే రాతిపై నుండుట వింతగా తోచినట్లు లేదు. అతని తప్పేమియు లేదు. అతడు వాడుకను వ్రాసినాడు. వాడుకయే అట్టిది.

ఈ సంపద యెట్లు పోయినదో యెల్లరకు తెలిసిన కథయే. మూడవ శతాబ్దమున రోమకులకు తూర్పున కష్టములు రాగా పాల్మైరా నాయకుడు ఓడెనాతస్ పారసీకుల నెదిర్చి పేరుగాంచెను. 267 ప్రాంతమున అతడు హతుడు కాగా అతని భార్య జెనోబియా, బాలుడగు కుమారుని పేర నేలుచు, 270లో ఈజిప్టును కూడ లోబరచుకొనెను. 272లో ఔరేలియను చక్రవర్తి వచ్చి ఆమెను పట్టుకొనెను. ఊరు మరల తిరుగబడగా 273లో దోపిడి జరిగినది. జెనోబియాను గూర్చి కావ్యములు, చిత్రములు పడమటి దేశములలో కొల్లలు. కాని త్రోవ తెగిన పిమ్మట ఊరివా రేమి తినిరన్నది ఏ కవియు వ్రాయలేదు. ఊటయు, ఖర్జూరములును, గొఱ్ఱెలును మిగిలినవి. ఆ మిగిలినవానితోనే వారు పదునైదు వందల యేండ్లకు పైగా గడపిరి. దేవాలయపు ప్రహరిలోపల మట్టియిండ్లు కట్టుకొని, పెద్ద నగరపు గర్భమున చిన్న పల్లెయై బ్రదికిరి.

త్రోవ తెగిన కష్టము ఎడారికే పరిమితము కాదు. గ్రీన్‌లాండును కూడ ఒకప్పు డొక త్రోవ పోషించినది, అదియు తెగినది. 985వ సంవత్సర ప్రాంతమున ఐస్‌లాండు నుండి ఎరిక్ అను నార్సుజాతి నాయకుడు పరివారముతో వచ్చి అచ్చట పాదుకొనెను. మంచి పేరు పెట్టినచో జనము వత్తురని తలచి అతడే దానికి పచ్చనినేల యని పేరిడెనని వారి పురాకథలు చెప్పును. ఆవులను, గొఱ్ఱెలను తెచ్చుకొని, గడ్డి కోసి దాచుకొని, రాతి గోడల కొట్టములలో చలికాలము గడపుచు వారు నాలుగువందల యేండ్లు నిలిచిరి. ఎన్నడును మూడువేలకు మించి యుండరని యిటీవలి పండితుల యంచనా. ఇనుము, కలప, ధాన్యము నార్వే నుండి ఓడలలో రావలెను. బదులుగా వారిచ్చినది వాల్రస్ అను సముద్రజంతువు కోర. యూరపులో ఏనుగుదంతము అరుదుగా దొరకు కాలమున ఈ కోరకు మంచి గిరాకి. 1126లో గార్దార్ అను చోట బిషపు పీఠ మేర్పడినది. మతముకొరకు కట్టవలసిన దశమభాగమును సైతము వారు కోరలతోనే చెల్లించిరి. కోరలకై యేటేట ఉత్తరమునకు వందల మైళ్ళు పోయి, ప్రాణములకు తెగించి వేటాడిరి.

వీరి చరిత్రలో చివరి వ్రాతయు నొక దస్తావేజే. 1408 సెప్టెంబరులో హ్వాల్సే గ్రామపు చర్చిలో థోర్‌స్టైన్ ఓలాఫ్సన్, సిగ్రిడ్ బ్యోర్న్స్‌డాటిర్ అను వధూవరులకు పెండ్లి జరిగినది. మూడు ఆదివారములు ముందుగా చాటించి, సాక్షుల యెదుట జరిపించితిమని 1409లో గార్దార్‌లోని మతాచార్యులు పత్రము వ్రాసి యిచ్చిరి. దంపతులు ఐస్‌లాండు చేరిన పిమ్మట, వివాహము చెల్లునని రుజువు చేయుటకై సాక్షుల వాఙ్మూలములును వ్రాయించుకొనిరి. ఆ కాగితములు నిలిచినవి గనుకనే ఆ పెండ్లి నేటికి తెలియుచున్నది. దాని తరువాత గ్రీన్‌లాండు నార్సువారిని గూర్చి ఒక్క వ్రాతయు లేదు. చర్చి గోడలు మాత్రము పైకప్పు లేక నిలిచియున్నవి.

వారు నశించుటకు కారణ మొకటి కాదు. చలి హెచ్చినది. 1349లో మహమ్మారి నార్వేను సగము తినివేయగా ఓడలు తగ్గినవి. ఆఫ్రికా యేనుగుదంతము యూరపునకు మరల విరివిగ వచ్చుటతో వాల్రస్ కోరకు వెల పడిపోయినది. వారు గర్వముచేత చేపలు, సీలు మాంసము ముట్టక ఆకలితో చచ్చిరని కొందరు వ్రాసిన మాట నిలువదు. త్రవ్వకములలో దొరకిన యెముకలను పరీక్షింపగా, చివరి తరములవారు సముద్రపు తిండియే యెక్కువగా తినిరని తేలినది. మనుచరిత్రమున ప్రవరుడు పాదలేపపు బలిమితో హిమాలయము చేరి, మంచుకు లేపము కరగగా మరలు దారిలేక నిలిచిపోయిన ఘట్టము తెలుగువారికి క్రొత్త కాదు. నార్సువారికి ఓడలే పాదలేపము. ప్రవరునకు అగ్నిదేవుడు తోడుపడెను. వీరికి ఎవరును తోడుపడలేదు. ఐస్‌లాండుకో నార్వేకో పోగలిగినవారు పోయియుందురు.

అదే మంచులో ఇనూయిట్లు నిలిచిరి. వారి పూర్వులు అలాస్కా వైపునుండి కుక్కలబండ్లతో, తోలుపడవలతో పదమూడవ శతాబ్ద ప్రాంతమున వచ్చినవారు. కలప లేదని వారు చింతింపలేదు. ఏటినీట, సముద్రమున కొట్టుకొని వచ్చిన కొయ్యముక్కలతోను, ఎముకలతోను చట్రము కట్టి, పైన సీలు తోలు కుట్టి, ఒక్క మనిషి పట్టు పడవ చేసిరి. దానిపేరే కయాక్. మెత్తని రాతిని దొలిచి దీపపు ప్రమిదె చేసి, సీలు క్రొవ్వు దానిలో మండించిరి. ఇంటికి వెలుగు, వంటకు సెగ, తడిబట్టలకు ఆరుట అన్నియు ఆ ప్రమిదెతోనే. ఇనుమును సైతము కేప్ యార్కు వద్ద ఆకాశమునుండి పడిన యుల్కారాళ్ళనుండి కొట్టి తీసిరి. చలికాలమున సముద్రము గడ్డకట్టినపుడు సీలు ఊపిరికై మంచులో నొక రంధ్రము తెరచియుంచుకొనును. ఆ రంధ్రము కడ వేటగాడు ఈటెతో కదలక మెదలక గంటల తరబడి నిలుచును. నార్సువారికి ఆ విద్య పట్టువడినట్లు కానరాదు. దొరకిన జంతువును వంతులు వేసి పంచుట ఆచారము. వేటాడలేని ముసలివారికిని పాలు కలదు. ఇదంతయు సుఖజీవన మనుకొనరాదు. వేట తప్పిన యేడు పల్లెలకు పల్లెలు ఆకలితో మాడినవి. కాని ఆ యాకలి ఎవరి యోడయో రానందున కలిగినది కాదు.

1721లో హాన్స్ ఎగెడే యను మతగురువు, పోయిన నార్సువా రెచ్చటనైన మిగిలియుందురేమో యని వెదకుచు గ్రీన్‌లాండు చేరెను. వారెవ్వరును లేరు, ఉన్నది ఇనూయిట్లే. అతనిని పంపినవాడు డేనిష్ రాజు నాలుగవ ఫ్రెడరిక్. ఇచ్చట దక్షిణ భారతమునకును నొక ముడి కలదు. 1706లో తరంగంబాడికి మతప్రచారకులను పంపినవాడును ఆ రాజే. తరంగంబాడికి 1719లో వచ్చి, పిమ్మట చెన్నపట్టణమున పనిచేసిన బెంజమిన్ షుల్ట్‌జ్ స్వదేశమునకు మరలి జర్మనీలోని హాలే పట్టణమున 1746–47లలో తెలుగు పుస్తకములు అచ్చువేయించెను. అచ్చుపడిన తెలుగు పుస్తకములలో మొదటివి యివియేనని చెప్పుదురు. ఎగెడే కుమారుడు పౌల్ ఎగెడే 1744లో సువార్తలను గ్రీన్‌లాండు భాషలో ప్రకటించెను. 1750లో నిఘంటువు కూర్చెను. వెలుగు చూచిన తేదులను బట్టి చూడగా తెలుగక్షరమును గ్రీన్‌లాండు మాటయు అచ్చు వాకిట ఇంచుమించు ఒకే కాలమున నిలిచినవి. అంతకు ముందే తెలుగునకు వేయేండ్ల శాసనములు, ఏడువందల యేండ్ల కావ్యములు కలవు. ఆ భాషకు వ్రాతయే లేదు. ఉద్దేశము మతప్రచారమే యైనను పని మాత్రము భాషలకు మేలు చేసినది.

1776 నుండి 1950 వరకు గ్రీన్‌లాండు వ్యాపారమంతయు డేనిష్ రాజ్యపు కొట్టుదే. సీలు తోలు, క్రొవ్వు ఆ కొట్టుకే అమ్మవలెను. తుపాకి, కాఫీ, పొగాకు ఆ కొట్టుననే కొనవలెను. ఇతరులు దేశమున కాలిడుటకు వీలు లేదు. ఒక్క కొట్టున్న యూరిలో ధరలెట్లుండునో చదువరులకు వేరుగ చెప్ప నక్కరలేదు. ఈ చీకటిలో మెచ్చదగిన పని యొకటి జరిగినది. హిన్రిక్ రింక్ అను అధికారి ఒక చిన్న అచ్చుయంత్రము తెప్పించి, 1861లో అతువగగ్‌ద్లియుతిత్ అను పత్రికను గ్రీన్‌లాండు భాషలో ఆరంభింపజేసెను. మొదటి సంపాదకుడు రాస్మస్ బెర్తెల్సెన్, తరువాత చిరకాలము నడపినవాడు లార్స్ మోలర్, ఇద్దరును ఆ దేశీయులే. మొదటినుండియు దానిలో బొమ్మలు కలవు. వేటకథలు, ముసలివారు చెప్పిన పాతకథలు, దూరదేశపు వార్తలు అందు వచ్చెడివి. రోడ్డులేని దేశమున పడవల మీద, కుక్కలబండ్ల మీద పోయి చేరు పత్రిక యది. పాల్మైరాలో చదువు రాతిమీద నిలిచినది. ఇచ్చట కాగితమై చేతులు మారినది.

ఇరువదవ శతాబ్దమున ఈ రెండు తావులవారికి ఒకే తరగతి కష్టము వచ్చినది. 1929–32 నడుమ, సిరియా ఫ్రెంచివారి యేలుబడిలో నుండగా, పాల్మైరాలో బేల్ దేవాలయపు ప్రహరిలోని పల్లెను ఖాళీ చేయించి, ప్రక్కన క్రొత్తయూరు కట్టించి వారిని తరలించిరి. పురాతన కట్టడమును శుభ్రపరచుట యుద్దేశము. పండితులకు స్తంభములు స్పష్టముగ కానవచ్చినవి. తరతరముల యిండ్లు పోయినవి. 1881లో దొరకిన సుంకముల రాయి 1901లోనే రష్యాకు తరలిపోయి, సెంట్ పీటర్స్‌బర్గు ప్రదర్శనశాలలో నున్నది. అట్లు పోవుటయే దానిని కాపాడినది. 2015 మే నెలలో ఐసిస్ అను ఉగ్రవాదులు ఊరిని పట్టుకొని, ఆగస్టులో క్రీ.శ. 32లో ప్రతిష్ఠింపబడిన బేల్ దేవాలయమును ప్రేలుడుమందుతో కూల్చిరి. అదే నెలలో ఖాలిద్ అల్ అసద్‌ను చంపిరి. ఆయన ఆ యూరిలో పుట్టి, 1963 నుండి 2003 వరకు అచ్చటి పురావస్తుశాఖను నడపిన పండితుడు. అప్పటికి ఎనుబదియేండ్లు దాటినవి. ఊరు పడిపోకముందే వందలకొలది శిల్పములను దమస్కునకు తరలించిరి. పెద్దాయన మాత్రము ఊరు విడువలేదు. ఎఫ్కా యూట అంతకు ముందే, 1990ల దశకమున, ఎండిపోయినది.

గ్రీన్‌లాండున జరిగినది వేరు తీరు. రెండవ ప్రపంచయుద్ధము పిమ్మట అమెరికాకును రష్యాకును వైరము ముదురగా, రెండింటికిని దగ్గరి దారి ధ్రువము మీదుగ నని సైన్యాధికారులు కనుగొనిరి. అంతటితో ఎవరికిని అక్కరలేని మంచునేల హఠాత్తుగ ఆకాశపు కూడలి యైనది. 1951లో వాయవ్య తీరమున తూలే కడ అమెరికనులు పెద్ద విమానస్థావరము కట్టిరి. 1953 మే నెలలో ఆ ప్రాంతపు వేటగాండ్ర కుటుంబములు 27, మనుష్యులు 116 మంది, కొద్దిదినముల వ్యవధిలో లేచిపోవలసి వచ్చినది. నూరు కిలోమీటర్లకు మించిన దూరమున కానాక్ అను చోట వారికి తావు చూపిరి. ఇండ్లు సిద్ధముగ లేవు. ఆ వేసవి గుడారములలో గడచినది. మరుసటి నెలలో, 1953 జూన్ 5న, క్రొత్త డేనిష్ రాజ్యాంగము వచ్చి గ్రీన్‌లాండు వలసరాజ్యము కాదనిపించినది. ఒక్క నెల యాలస్యమైన యెడల వారిని తరలించుట అంత సులభమై యుండునా యన్నది ఆలోచింపదగిన విషయము.

వారు తగవు విడువలేదు. 1999లో న్యాయస్థానము వారిని బలవంతముగ తరలించుట నిజమేనని తీర్పు చెప్పినది. డేనిష్ ప్రధాని క్షమాపణ చెప్పెను. 2003లో సర్వోన్నత న్యాయస్థానము ఆ తీర్పునే ఖాయపరచినది. సమూహమునకు 5 లక్షల క్రోనర్లు. నాడు పెద్దలైనవారికి తలకు 25,000, పిల్లలకు 15,000. మరల పాతచోటికి పోవు హక్కు మాత్రము ఇయ్యలేదు. ఇదియు నొక పట్టికయే. 1979లో గ్రీన్‌లాండునకు ఇంటిపాలనయు, 2009లో అంతకు మించిన స్వపరిపాలనయు లభించినవి. వారి భాషయే రాజభాష యైనది. రొయ్యలు, చేపలు ఎగుమతి చేసి, డెన్మార్కు ఏటేట ఇచ్చు పెద్దమొత్తముతో ప్రభుత్వము నడపుకొనుచున్నారు. ఆ విధముగ నేడు వారును ఓడ కెదురుచూచువారే.

కానాక్ ప్రాంతమున మాత్రము వేటగాండ్రు ఒక నియమము పెట్టుకొనిరి. పొడవైన కొమ్ముగల నార్వాల్ అను తిమింగలమును కయాక్‌లో పోయి, ముందు చేతి యీటెతోనే కొట్టవలెను; ఈటె తగిలి, దానికి కట్టిన తాడుతో తిత్తి నీటిపై తేలిన పిదపనే తుపాకి పేల్చవలెను. యంత్రపు పడవలు కొనగలిగిన కాలమున గూడ ఆ పద్ధతి యచ్చట సాగుచున్నది. గాయపడిన జంతువు మునిగిపోయి వృథా కాకుండుటకై అది పెద్దలు చేసిన కట్టుబాటు.